మీనముద్ర వెనుక గొంతు

మొసళ్ల మడుగులో కత్తి పోయింది. బందిపోట్ల చేతిలో గుర్రం పోయింది. ప్రాణం మాత్రం దక్కించుకుని, ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు అరిందముడు తామ్రశిఖర దుర్గం ముందు నిలబడ్డాడు. ఒంటి మీద శిల్పి వేషం. తలకు ముతక పాగా, భుజాన ఉలీ సుత్తీ ఉన్న తోలుసంచి, కనుబొమల దాకా రాతిపొడి. పుట్టి పెరిగిన కోటలోకి అతడు దొంగలా రావలసి వచ్చింది. రాజద్రోహి అని నింద మోపి అతణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టినవాడు పరాయివాడు కాదు, సొంత అన్న ధరణిధర మహారాజు. ఆ నిందను అన్న చెవిలో ఊదినవాడు రాజగురువు ఊర్ధ్వనేత్రుడు. ఇప్పుడు అన్న లేడు. వేటకు వెళ్లి శంఖినీనదిలో పడిపోయాడనీ, శవమైనా దొరకలేదనీ, వదిన చంపకవల్లి గద్దె మీద ఉందనీ పరదేశంలో ఉండగా కబురు తెలిసింది. మహారాజు పేర వీరగల్లు చెక్కడానికి శిల్పులు కావాలని ఊరూరా చాటింపు వేశారు. ఆ చాటింపు పట్టుకునే అరిందముడు వచ్చాడు. ద్వారపాలకుడు ఉలి చూశాడు, అరచేతుల్లో కాయలు చూశాడు, లోపలికి పొమ్మన్నాడు.

తామ్రశిఖరం అంటే ఒకప్పుడు దేశదేశాల వర్తకులు కలవరించిన నగరం. రాగిరేకులు తాపిన గోపురాలు పొద్దు పొడుపుకు నిప్పుకణికల్లా మెరిసేవి. వీధి పొడవునా రాతికాలువల్లో శంఖిని నీళ్లు గలగలా పారేవి. అత్తరు అంగళ్ల ముందు ఏనుగులు కూడా కాసేపు ఆగేవట. ఆ నగరం మీద ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పొగమంచు పరుచుకుని ఉంది. అంగళ్లు తెరిచే ఉన్నాయి, బేరాలు లేవు. జనం తిరుగుతూనే ఉన్నారు, మాటలు లేవు. చంటిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూస్తోంది.

కాలువ పక్కన నడుస్తుంటే అరిందముడికి నీళ్లలో ఎవరో గొణుగుతున్నట్టు వినిపించింది. దాహం వేసి దోసిలి ముంచబోయాడు. పక్కనే పూలు కట్టుకుంటున్న ముసలామె అతడి చేయి పట్టుకుంది.

"చెవుల్లో దూది పెట్టుకుని తాగు నాయనా. నీ పేరు పెట్టి పిలిస్తే పలక్కు."

ఎవరు పిలుస్తారని అతడు అడిగాడు. పోయినవాళ్లు, అని ఆమె చెప్పి మళ్లీ దారానికి ముడి వేసుకుంది. మహారాజు పోయిన దగ్గర్నుంచీ ఇదే తంతు అట. బావి దగ్గర చచ్చిపోయిన మొగుడు పిలిచాడని వినబోయి వంగిన కోడలుపిల్ల అందులోనే పడిపోయిందట.

వీరగల్లు చెక్కవలసిన చోటు వాకిళ్ల మండపం. ఆ మాట వినగానే అరిందముడు అడుగు ఆపాడు. ఎందుకో తెలియాలంటే ఆ మండపం సంగతి చెప్పాలి.

తామ్రశిఖరానికి నడుమ మూలకోట ఉంది. దానికి ద్వారం లేదు, కిటికీ లేదు, నరమానవుడు లోపలికి పోయింది లేదు. నగరాన్ని నడిపించేది మాత్రం అదే. వంశకర్త అయిన తొలిరాజు తపస్సు చేసి కింకరభూతాలను వశం చేసుకుని ఆ కోటలో కూర్చోబెట్టాడు. తూముల తలుపులు ఎత్తి దించే జలకింకరుడు ఒకడు. గంటలు మోగించేవాడు ఒకడు. దీపస్తంభాలు వెలిగించేవాడు ఇంకొకడు. మనుషుల కేకలు ఆ గోడలు దాటవు, భూతాల మొహాలు మనుషులు చూడలేరు. అందుకని మూలకోట గోడనే ఒకవైపు మండపంగా మలిచి, అందులో బారులు బారులుగా చిన్న చిన్న కంచు వాకిళ్లు బిగించారు. తూర్పుతూము వాకిలి, పెద్దగంట వాకిలి, దీపాల వాకిలి అని పైన పేర్లు చెక్కారు. పని ఉన్నవాడు వెళ్లి కడియం తడతాడు, తలుపు తీస్తాడు, కావలసింది చెబుతాడు, జవాబు వింటాడు, తలుపు మూస్తాడు. చిత్రమేమిటంటే తలుపు తీస్తే లోపల గదేమీ ఉండదు. గట్టిరాయి ఉంటుంది. అయినా జవాబు వస్తుంది.

ఆ మర్మం రాజవంశంలో పుట్టినవాళ్లకే నేర్పుతారు. అన్నదమ్ములిద్దరినీ తండ్రి ఒకనాడు అక్కడికి తీసుకుపోయి, వాకిలి కింద చెక్కిన రెండు గుర్తులను వేలితో తడిమించాడు. పేరు మనకోసంరా, కోట చదివేది ముద్రలనే, అని చెప్పాడు. పైముద్ర ఏ కింకరుణ్ణి పిలవాలో చెబుతుంది. చేపబొమ్మ ఉంటే జలకింకరుడు. కిందిముద్ర ఆ కింకరుడు చూసుకునే వాటిలో ఏదో చెబుతుంది. చేప కింద శంఖం ఉంటే తూర్పుతూము, చేప కింద తామర ఉంటే పడమటితూము. తూములు రెండు, వాకిళ్లు రెండు, ఏలేవాడు ఒక్కడే. పేరు చెరిపేసినా వాకిలి పలుకుతుంది. ముద్ర చెరిపితే పలకదు. రాజరక్తం ఉన్నవాడు ఎక్కడ, ఏ రాతి మీద ఆ రెండు ముద్రలు చెక్కి కడియం తగిలించినా, అదీ వాకిలే అవుతుంది. ఇంకొక్క మాట కూడా తండ్రి చెప్పాడు. వాకిలి ఉత్త గుర్తు, దాంట్లో మంచీ లేదు చెడూ లేదు. లోపల పీఠం మీద ఎవరు కూర్చున్నారన్నదే సంగతి. అక్కడ కూర్చున్నవాడి చేతికి కోట మొత్తం అందుతుంది.

అరిందముడు మండపం నడుమ ఉన్న నల్లరాతి ముందు కూర్చుని ఉలి తీశాడు. అంతలో మువ్వల చప్పుడు లేని పల్లకీ ఒకటి వచ్చి ఆగింది. చంపకవల్లి దిగింది. ఆమెను అతడు గుర్తుపట్టలేకపోయాడు. పున్నమిలా ఉండే మనిషి ఒత్తి కాలిపోయిన ప్రమిదలా ఉంది. వెంట చెలికత్తె మందారిక తప్ప ఎవరూ లేరు.

రాణి ఒక కొత్త వాకిలి దగ్గరికి వెళ్లింది. అరిందముడి చిన్నతనంలో అది లేదు. కంచు మీద బంగారు రేకు, పైన 'మహారాజు వాకిలి' అని పేరు, పేరు కింద ముద్రలుండే చోట అంగుళం మందాన చందనం మెత్తి పూలు అద్ది ఉన్నాయి. రాణి కడియం తట్టింది, తలుపు తీసింది.

"వచ్చావా చంపకా" అంది రాయి.

అరిందముడి చేతిలో సుత్తి జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. అది అన్న గొంతు. మాట చివర కొంచెం ఊపిరి లాగే అలవాటు కూడా అన్నదే.

రాణి తలుపుకు చెంప ఆనించి ఏవేవో చెప్పుకుంది. ఏడ్చింది. మీ ఆత్మకు శాంతి ఎప్పుడని అడిగింది. ఈ రోజు పొద్దు గుంకే వేళకు రెండు తూములూ పూర్తిగా ఎత్తించు, ఆ నీటి వెంట నేను వెళ్లిపోతాను, అని అన్న గొంతు మెల్లగా చెప్పింది. గురువుగారు కూడా అదే అన్నారని రాణి తల ఊపింది. తలుపు మూసి పల్లకీ ఎక్కింది.

రెండు తూములూ ఒక్కసారి ఎత్తితే ఏమవుతుందో అరిందముడికి తెలుసు. కోట కింద దిగువపేట ఉంది. సగం సైన్యం, సగం నగరం అక్కడే కాపురం. రెండు గడియల్లో అది చెరువవుతుంది. కోట కాపలా లేని కోట అవుతుంది.

పల్లకీ మలుపు తిరగగానే అతడు ఆ వాకిలి దగ్గరికి పోయి ఉలి మొనతో చందనం గీశాడు. చెక్కలు చెక్కలుగా ఊడింది. కింద చేపబొమ్మ. చేప కింద నెలవంక. మహారాజు ఆత్మ అని రాణి మొక్కుతున్నది జలకింకరుడి పీఠం. శంఖమూ కాదు, తామరా కాదు, కొత్తగా నెలవంక అని ఒక కిందిముద్ర పుట్టించి పెట్టారు, చెక్కడానికి రాజరక్తం ఉన్న చేయి ఎక్కడ దొరికిందో. జలకింకరుడికి మనుషుల గొంతులు రావు. అంటే అతణ్ణి ఎవరో లేపేసి, ఆ పీఠం మీద ఇంకేదో కూర్చోబెట్టారు. నగరం కాలువల్లో గొణుగుతున్నది అదే.

ఇంత తెలిసినవాడు అక్కడితో వెనక్కి తిరగాలి. తిరగలేకపోయాడు. చేయి దానంతట అదే కడియం తట్టి తలుపు తీసింది.

"అన్నా" అన్నాడు.

"తమ్ముడా, నువ్వు ద్రోహివి కావని నాకు చచ్చిన తర్వాత తెలిసింది" అంది రాయి.

పరదేశంలో ప్రతి పూటా అతడు వినాలనుకున్న మాట అది. వాకిలి ముందు కూలబడ్డాడు. తలుపు లోపలి రాయికి నుదురు ఆనించాడు. రాయి చల్లగా ఉంది, కొలనులో దిగినంత చల్లగా. ఇంకా రా, దగ్గరికి రా, అంటోంది గొంతు. నుదుటి మీది చలి కళ్లలోకి దిగుతోంది. వెనక నుంచి ఎవరో పాగా పట్టుకుని లాగకపోతే అతడు అక్కడే గడ్డకట్టిపోయేవాడు.

లాగినది మందారిక. రాణి మరిచిపోయిన పట్టుదుప్పటి కోసం తిరిగి వచ్చిందట. ఫెడేలున తలుపు మూసి అతడి మొహంలోకి చూసింది. రాతిపొడి కన్నీళ్లకు చారలు కట్టి ఉంది. "చిన్నదొరా" అంది నెమ్మదిగా. చిన్నప్పుడు అతడితో కలిసి మామిళ్లు దొంగిలించిన మనిషి ముందు ఏ వేషమూ నిలవదు.

మందారిక రాణిని ఏం చెప్పి తీసుకువచ్చిందో గానీ, పొద్దు పడమటికి వాలేసరికి చంపకవల్లి మళ్లీ మండపంలో ఉంది. మరిదిని చూసి ఆమె సంతోషించలేదు, కోపగించలేదు. చందనం ఊడిన వాకిలిని చూసి మాత్రం ముఖం కందిపోయింది. అతడు చేప సంగతి చెప్పాడు. ఆమె నమ్మలేదు. నా భర్త గొంతు నాకు తెలియదా అంది. నాకూ తెలుసు వదినా, నేనూ విన్నాను, కూలబడ్డాను, అన్నాడతడు. అది కడియం పట్టిన చేతిలోంచి గుండెను చదువుతుంది, అక్కడ ఏ గొంతు ఉంటే ఆ గొంతు తొడుక్కుంటుంది, అని చెప్పాడు. రుజువేమిటని రాణి అడిగింది.

అరిందముడు వీరగల్లు వెనకవైపుకు వెళ్లాడు. ఇంకా ఉలి తగలని నున్నటి రాయి అది. పేరు చెక్కలేదు. చేప చెక్కాడు, చేప కింద నెలవంక చెక్కాడు. రాజరక్తం ఉన్నవాడి ఉలి కింద ఆ గీతలు క్షణకాలం నీలంగా మెరిసి చల్లారాయి. మందారిక కాలి కడియం అడిగి తీసుకుని ముద్రల పైన రాతిలో బిగించాడు. ఇప్పుడు ఇదీ వాకిలే. తలుపు లేదు, కడియం పట్టుకున్నంత సేపూ తెరిచి ఉన్నట్టే. మహారాజు అన్న మాట దీని మీద లేదు. కడియం నువ్వు తట్టకు వదినా, ఇంకెవరైనా తట్టనీ, అన్నాడు.

ఇంకెవరున్నారు అక్కడ. మందారిక ముందుకు వచ్చింది. తట్టింది.

"అమ్మా" అంది రాయి. "జడ వెయ్యవా? అందరూ ఆడుకోడానికి పోయారు."

పసిపిల్ల గొంతు. మందారిక కూతురు నిరుడు విషజ్వరంలో పోయింది. రాణివాసపు పనుల్లో ఉండి మందారిక కడసారి చూపుకు కూడా అందుకోలేకపోయింది. కడియాన్ని రెండు చేతులా పట్టుకుని ఆ రాతి ముందు కూలబడింది.

చంపకవల్లి చూస్తూ నిలబడింది. పిల్ల గొంతు జడ గురించి, పువ్వుల గురించి, చీకటి గురించి చెబుతోంది. రాణి మెల్లగా చేయి చాపి మందారిక చేతి మీద, అదే కడియం మీద వేసింది.

"అమ్మా, నాకు భయంగా ఉంది, దగ్గరికి రా చంపకా" అంది రాయి. పిల్ల గొంతుతో మొదలైన మాట మహారాజు గొంతుతో ముగిసింది.

రాణి నిప్పు తగిలినట్టు చేయి తీసేసింది. ఇన్నాళ్లూ తాను చెంప ఆనించింది దేనికో ఆమెకు అప్పుడు తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ పక్కకు పోయి వాంతి చేసుకుంది.

"శిల్పికి ఇంత చదువెక్కడిది?"

ఆ గొంతు రాతిలోంచి రాలేదు. మండపం మెట్ల మీద ఊర్ధ్వనేత్రుడు నిలబడి ఉన్నాడు. మెడలో ఎముకల దండ, జానెడు గడ్డం, కనుపాపలు ఎప్పుడూ పైకే తిరిగి ఉంటాయి, తెల్లగుడ్లతోనే లోకాన్ని చూస్తాడు. పొద్దు గుంకుతోంది, రాణిని తూముల దగ్గరికి తీసుకుపోదామని వచ్చాడు. అక్కడి సంగతి ఒక్క చూపులో గ్రహించాడు. పిడికెడు బూడిద గాలిలోకి విసిరి మంత్రం అందుకున్నాడు.

అరిందముడు సుత్తి ఎత్తి దూకాడు. రెండు అంగలు వేసేసరికి పాదాలు బరువెక్కాయి. చూస్తే వేళ్లు లేవు, నల్లరాయి ఉంది. మంత్రం సాగుతున్న కొద్దీ రాయి చీలమండలు దాటింది, పిక్కలు ఎక్కింది. సుత్తి విసిరాడు, మాంత్రికుడి భుజం పగిలింది గానీ నోరు ఆగలేదు. మోకాళ్లు బిగుసుకుంటుండగా అరిందముడు ముందుకు పడి అందినది పట్టుకున్నాడు. అందినది గడ్డం.

వాళ్లు పడిన చోట గోడకు ఒక వాకిలి ఉంది. మింగుడు వాకిలి. దానికి కింకరుడున్నాడు గానీ, ఏం చెప్పినా మింగేసి ఊరుకోవడమే వాడి పని. జవాబు ఉండదు, ఫలితం ఉండదు. అనరాని మాటలు అనుకోవలసినవాళ్లు అక్కడికి వచ్చి అనేసి పోతుంటారు. అరిందముడు ఒంటిచేత్తో దాని కడియం తట్టి తలుపు లాగాడు. రెండో చేత్తో గడ్డం పట్టి మాంత్రికుడి మొహాన్ని ఆ చట్రంలోకి నొక్కాడు.

మంత్రం సాగుతూనే ఉంది, కానీ ఒక్క అక్షరమూ గాలిలోకి రావడం లేదు. ఊర్ధ్వనేత్రుడు పెదవులు ఆడించినంత సేపూ ఆ వాకిలి బీజాక్షరాలన్నిటినీ గుటకలు వేసింది. చదివిన మంత్రమల్లా చదివినట్టే అతడి నోట్లోంచి ఖాళీ అయిపోయింది. అరిందముడి మోకాళ్లు మెత్తబడ్డాయి, పాదాలకు వేళ్లు వచ్చాయి. మాంత్రికుడు పెనుగులాడి సగం గడ్డం అతడి చేతిలోనే వదిలేసి, మండపం పక్క కాలువలోకి దూకాడు. నీళ్లు అతణ్ణి లాక్కుపోయాయి. వెంటాడే వ్యవధి లేదు. దూరంగా తూర్పున తూము గొలుసులు కిర్రుమంటున్నాయి. ఇదివరకు గురువు రాణి నోటితోనే కొంచెం కొంచెంగా ఎత్తించిన తలుపుల వెనుక, నది పొంగి ఉంది.

మండపం నడుమ ఏలిక గుమ్మం ఉంది. గద్దె ఎక్కినవాళ్లు రాజముద్రిక వేలికి పెట్టుకుని దాని మీద నిలబడి ఆజ్ఞాపిస్తే, మూలకోట ఏ కింకరుణ్ణయినా పీఠం దించుతుంది. చంపకవల్లి మూతి తుడుచుకుని అక్కడ నిలబడింది. మీనపీఠం ఖాళీ చెయ్యమంది.

మండపం మొత్తం పలికినట్టు ఒక మందమైన ధ్వని వచ్చింది. వాకిలి తెరిచి ఉంది, పిలుపు నడుస్తోంది, లేపరాదు.

ఇద్దరికీ అర్థమైంది. కింకరుడితో ఎవరైనా మాట్లాడుతున్నంత సేపూ అతణ్ణి కదపడం మూలకోట ధర్మం కాదు. వీరగల్లు వెనుక మందారిక ఇంకా కడియం పట్టుకునే ఉంది. పిల్ల ఏదో పాట పాడుతోంది. మందారిక కళ్లు మూసుకుని వింటోంది.

అరిందముడు బలవంతంగా లాగబోయాడు. రాణి వద్దని సైగ చేసింది. దగ్గరికి పోయి నేల మీద ఆమె పక్కన కూర్చుంది.

"నేను నెలల తరబడి విన్నాను మందారా. నిన్ను ఇప్పుడే వదిలెయ్యమని ఏ మొహంతో చెప్పను? దిగువపేటలో పిల్లలున్నారే. అంతే."

గొలుసులు మళ్లీ కిర్రుమన్నాయి. అప్పుడు మందారిక రాతిని ఒకటే అడిగింది. "నువ్వు పోయేటప్పుడు నేను లేను కదమ్మా. చివరికి ఎవరిని పిలిచావు?"

పాట ఆగింది. రాయి పలకలేదు. అది ఆమె గుండెలోంచే అన్నీ తీసి ఆమెకే ఇస్తోంది, ఈ జవాబు ఆ గుండెలో లేదు. లేనిది దాని దగ్గరా లేదు. మందారిక ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విన్నది. కడియాన్ని ఒకసారి నిమిరి చేతులు తీసేసింది.

చంపకవల్లి మళ్లీ ఆజ్ఞాపించింది. మూసి ఉన్న మహారాజు వాకిలి లోపల నుంచి ధడధడ బాదుతున్న చప్పుడు వచ్చింది. చంపకా, చంపకా, అని భర్త గొంతు గోడలన్నిటా పరుగెత్తింది. ఆమె గుమ్మం మీద నుంచి కదలలేదు, చెవులు మూసుకోలేదు. చప్పుడు తెగిపోయింది. కాలువల మీది పొగమంచు ఎవరో దుప్పటి లాగినట్టు ఒక్కసారి లేచిపోయింది.

అదే క్షణాన గొలుసులు పట్టు తప్పాయి. ఇన్నాళ్లూ ఆ దయ్యమే తూము తలుపులను పట్టుకుని ఉంది. ఇప్పుడు పట్టుకునే చేతులే లేవు. నీటి తాకిడికి తలుపులు పైకి లేవడం మొదలైంది. రాణి పరుగున పోయి తూర్పుతూము వాకిలి తట్టింది. పేరు ఉంది, ముద్రలున్నాయి, తలుపూ తెరుచుకుంది. లోపల ఉత్త రాయి. పడమటితూము వాకిలి తట్టింది. అక్కడా రాయే. పిలిస్తే పలికేవాడు పీఠం మీద లేడు. అసలు జలకింకరుణ్ణి ఊర్ధ్వనేత్రుడు ఎక్కడ బంధించాడో ఎవరికి తెలుసు.

దిగువపేటలో కేకలు మొదలయ్యాయి. అరిందముడు పాగా విప్పి పక్కన పెట్టాడు.

"వదినా, నన్ను కూర్చోబెట్టు."

మనిషి ఆ పీఠం ఎక్కినట్టు ఏ కథలోనూ లేదని ఆమె అంది. దయ్యం సంగతి వేరు, రాజముద్రికతో కూర్చున్నవాడు అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప తనంతట తాను మాట అనలేడు. ఏలిక లేపితే తప్ప లేవలేడు. లోపల చేయి తప్పితే కోటే కూలవచ్చు. అవన్నీ తండ్రి దగ్గర విన్నవే. అతడు ఉలితో తన అరచేతిలో చేపబొమ్మ గీసుకున్నాడు. చంపకవల్లి రాజముద్రికను ఆ నెత్తుటి మీద ఒత్తింది. గోడ అతణ్ణి నీటి బొట్టును ఇసుక పీల్చినట్టు పీల్చుకుంది.

లోపల చీకటి. చీకటికి అలవాటు పడే కళ్లే లేవు. ఒళ్లు ఎక్కడ ముగిసి కోట ఎక్కడ మొదలయిందో తెలియలేదు. పక్కనే పెద్దగంట కింకరుడు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు కంచు వాసన. చేతులు చాపితే కోసుల అవతల ఉన్న తూము తలుపులు తగిలాయి, మంచుగడ్డల్లా. తూర్పుతూము వాకిలి మీద కడియం చప్పుడు అతడి ఛాతీలో మోగింది. రాణి గొంతు, దించమంటోంది. శక్తి కొద్దీ దించాడు. పడమటితూమూ దించాడు. నది రెండు తలుపుల మీదా ఆవుల మందలా వచ్చి పడింది. నరాలు తెగుతాయనిపించింది. పట్టు వదలలేదు. దిగువపేటలో కేకలు సద్దుమణిగాయి.

అప్పుడు ఇంకొక కడియం చప్పుడైంది.

తూర్పుది కాదు, పడమటిది కాదు, వీరగల్లుదీ కాదు. చేప కింద ఏ గుర్తూ కుదురుగా లేని వాకిలి ఒకటి. ఎవరో గోళ్లతోనో రాతిముక్కతోనో గీసినట్టు వంకరటింకరగా ఉంది. ఎంత దూరాన ఉందో, చప్పుడు ఇసుక రాలినట్టు వచ్చింది.

"ఎవరయ్యా అక్కడ" అంది అటువైపు గొంతు. "కాసిని నీళ్లు."

మాట చివర ఊపిరి లాగింది. అరిందముడు కదలలేదు. గుండెను చదివే దయ్యం పీఠం మీద లేదు. పీఠం మీద ఉన్నది తానే. రాజరక్తం లేనివాడు గీస్తే వాకిలి పలకదు. అడగవలసిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు, కింకరుడికి అడిగే హక్కు లేదు. ఒక చేతి పట్టు కొంచెం సడలించి, దోసెడు నీళ్లు ఆ వంకర వాకిలి వైపు పంపాడు. అటు ఆత్రంగా తాగుతున్న చప్పుడు, కడియంగా తట్టిన ఇనుప సంకెళ్ల గలగల, ఎవరో వస్తున్న అడుగులు. పిలుపు గబాలున తెగిపోయింది.

తూర్పుతూము వాకిలి మళ్లీ మోగింది. తూములు నిలిచాయా అని చంపకవల్లి అడిగింది. నిలిచాయన్నాడు. అంతకు మించి అనలేక, ఇంకొకటి అడగమని లోలోపల ఆమెకు మొక్కాడు. ఆమె కడియం మీద చేయి తీయలేదు. ఎంతో ఆదరంగా అడిగింది.

"ఆ చీకట్లో నీకేమైనా వినబడుతోందా నాయనా?"

"వినబడింది వదినా. అన్న బతికే ఉన్నాడు."

నెలల తరబడి ఆమె వినాలనుకున్న మాటే అది. ఇదే రాతిలోంచి దయ్యం చెప్పినవీ అలాంటి మాటలే. కాసేపటికి కడియం మీది వేళ్లు ఒక్కొక్కటే వదిలేశాయి. తలుపు మూసుకుంది.